మేనత్త రాసిచ్చిన లండన్ ఫ్లాట్: వారసత్వ పన్ను ఎవరు కట్టాలి, ఎక్కడ కట్టాలి?

తొలకరి

అందరికీ నమస్కారం. కాస్త పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవగలరు.

మా మేనత్త మార్చిలో లండన్‌లో పోయారు. ముప్పై ఏళ్లకు పైగా అక్కడే ఉన్నారు, అక్కడి పౌరసత్వం తీసుకున్నారు. పిల్లలు లేరు. తన ఫ్లాటూ బ్యాంకులో ఉన్న డబ్బూ నాకూ మా అక్కకూ చెరిసగం వచ్చేలా వీలునామా రాశారు. వేరే దేశంలో ఆమెకు ఆస్తులేమీ లేవు. నేను ఇండియాలో ఉంటాను, అక్క జర్మనీలో ఉద్యోగం చేస్తోంది.

మూడు వారాల కిందట, వీలునామా అమలు చూసే ఎగ్జిక్యూటర్ ఉత్తరం రాశారు. ఆవిడ లాయరు కాదు, అత్తతో కలిసి చాలాకాలం పనిచేసిన స్నేహితురాలు. ఫ్లాటు విలువ 4,80,000 పౌండ్లు, డిపాజిట్లు 90,000, మొత్తం 5,70,000 అట. అందులో 3,25,000 వరకు పన్ను లేదు, మిగిలిన 2,45,000 మీద 40 శాతం చొప్పున 98,000 పౌండ్లు కట్టాలి అని రాశారు. ఉత్తరంతో పాటు ఫ్లాటు తాళంచెవి ఫోటో కూడా పంపారు. దానికి అత్త కట్టుకున్న ఎర్ర దారం ఇంకా అలాగే ఉంది. ఆ ఫోటో చూశాక రెండు రోజులు నాకు ఏ పనీ చేయబుద్ధి కాలేదు.

నా ప్రశ్నలు: ఈ 98,000 మా జేబులోంచి కట్టాలా? కట్టాక నేను ఇండియాలో మళ్లీ కట్టాలా? అక్కకూ నాకూ లెక్క ఒకటేనా?

నిక్కచ్చి

ఇండియాలో వారసత్వ పన్ను ఎప్పుడో ఎత్తేశారండీ. మీరు ఉండేది ఇండియాలో కాబట్టి మీకు ఏ పన్నూ పడదు. ఆ ఉత్తరం గురించి కంగారు పడకండి.

పద్దులపుస్తకం

నిక్కచ్చి గారూ, మీరు చెప్పిన మొదటి మాట నిజం. ఇండియాలో 1953 నాటి ఎస్టేట్ డ్యూటీ చట్టం 1985 మార్చి 16 నుంచి జరిగిన మరణాలకు వర్తించదు. రెండో మాట మాత్రం పొరపాటు. దాన్ని నమ్మి ఊరుకుంటే వడ్డీ, పెనాల్టీ రెండూ మీద పడతాయి.

నేను ఆడిటర్‌ని. ఇలాంటి ఫైళ్లు ఏడాదికి నాలుగైదు చూస్తాను. చాలామంది "ఏ దేశంలో పన్ను ఉంది" అని అడుగుతారు. అసలు అడగాల్సినవి మూడు: ఆస్తి ఎక్కడ ఉంది? పోయినవారు ఎక్కడి మనిషి? పుచ్చుకునేవారు ఎక్కడ ఉంటున్నారు? ఒక్కో దేశం ఈ మూడింటిలో ఒకదాన్నో రెండింటినో పట్టుకుని పన్ను వేస్తుంది. ఒకే ఆస్తి మీద రెండు దేశాలు చెయ్యి వేసేది అందుకే.

బ్రిటన్ పోయినవారి వైపు నుంచి చూస్తుంది. 2025 ఏప్రిల్ నుంచి లెక్క ఏమిటంటే, గత 20 పన్ను సంవత్సరాల్లో 10 ఏళ్లు అక్కడ నివాసం ఉన్నవారి ఆస్తి ప్రపంచంలో ఎక్కడున్నా అక్కడి పన్ను పరిధిలోకి వస్తుంది. అక్కడ ఎప్పుడూ ఉండనివారికైనా బ్రిటన్‌లో ఉన్న ఇల్లు మాత్రం లెక్కలోకి వస్తుంది. కాబట్టి మీరు ఇండియాలో ఉండటం వల్ల ఈ పన్ను తగ్గదు.

జేబు సంగతి. అక్కడ పన్ను పడేది పోయినవారి మొత్తం ఆస్తి మీద. ఎగ్జిక్యూటర్ అందులోంచి కట్టి మిగిలింది పంచుతారు. వీలునామాలో వేరేగా రాయకపోతే బ్రిటన్‌లో ఉన్న ఆస్తి తాలూకు పన్ను ముందు మిగులు సొమ్ములోంచి, అంటే మీ విషయంలో ఆ డిపాజిట్లలోంచి పోతుంది. గడువు: మరణించిన నెల ముగిశాక ఆరో నెలాఖరు. మార్చిలో పోయారు కాబట్టి సెప్టెంబరు 30. ఆ తర్వాత వడ్డీ నడుస్తుంది. ఇంటి తాలూకు పన్నును పది వార్షిక వాయిదాల్లో కట్టే వీలు కూడా ఉంది, దానికీ వడ్డీ ఉంటుంది.

ఇప్పుడు నాదొక ప్రశ్న. ఎగ్జిక్యూటర్ లాయరు కాదన్నారు కాబట్టి అడుగుతున్నాను. ఆమె భర్త, అంటే మీ మామయ్య గారు ఉన్నారా? లేకపోతే ఎప్పుడు పోయారు? ఆయన ఆస్తి ఎవరికి వెళ్లింది?

తొలకరి

మామయ్య 2003లో పోయారండీ. అంతా అత్త పేరునే రాశారు. అప్పుడు పన్ను ఏమీ కట్టలేదని నాన్న చెప్పారు. అది ఇప్పుడు ఎందుకు?

పద్దులపుస్తకం

అయితే ఆ ఉత్తరంలోని లెక్క మొత్తం మారిపోవచ్చు.

భార్యాభర్తల మధ్య వెళ్లే ఆస్తికి అక్కడ మినహాయింపు ఉంది. మామయ్య గారు అంతా భార్యకే ఇచ్చారు కాబట్టి ఆయన వంతు పన్నులేని పరిమితి ఖర్చు కాలేదు. అలా వాడకుండా మిగిలిన పరిమితిని తర్వాత పోయిన భర్తకో భార్యకో కలుపుకోవచ్చు. మొదటివారు ఎప్పుడు పోయారన్నది అడ్డు కాదు, రెండోవారు 2007 అక్టోబరు 9న గానీ ఆ తర్వాత గానీ పోయి ఉండాలి. పైగా కలిపేది మొదటివారు పోయిన నాటి పరిమితి మొత్తం కాదు. ఎంత శాతం మిగిలిందో ఇప్పటి పరిమితిలో అంత శాతం. నూరు శాతం మిగిలితే 3,25,000కి మరో 3,25,000, అంటే 6,50,000.

మీ అత్తగారి ఆస్తి 5,70,000. పన్ను సున్నా.

దీన్ని ఎవరూ తమంతట తాము కలిపి ఇవ్వరు. ఎగ్జిక్యూటర్ అడగాలి. మరణించిన నెలాఖరు నుంచి రెండేళ్లలోపు క్లెయిం చెయ్యాలి. దానికి మామయ్య గారి మరణ ధ్రువపత్రం, పెళ్లి సర్టిఫికెట్, ఆయన వీలునామా, దాని ప్రొబేట్ కాగితం (వీలునామా చెల్లుతుందని కోర్టు ఇచ్చేది) కావాలి. ఈ రోజే ఆవిడకు రాయండి.

ఇంకో మాట. సొంత ఇల్లు పిల్లలకో మనవలకో వెళ్తే అదనంగా 1,75,000 పౌండ్ల పరిమితి ఉంది. మేనల్లుడికీ మేనకోడలికీ అది రాదు. ఎవరైనా దాన్ని కూడా కలిపి చెప్తే నమ్మకండి.

తొలకరి

చేతులు వణుకుతున్నాయండీ, నిజంగా. ఇప్పుడే ఆవిడకు మెయిల్ పెట్టాను. మామయ్య కాగితాలు ఎక్కడున్నాయో చూడమని నాన్నకూ ఫోన్ చేశాను.

మంచుదారి

తొలకరి గారూ, అందరూ సంతోషిస్తున్న వేళ ఈ సంగతి చెప్పడం నాకు ఇష్టం లేదు, కానీ మీ అక్క గారికి తెలియాలి. నేను జర్మనీలో పన్నెండేళ్లుగా ఉంటున్నాను.

ఇక్కడ చట్టం పుచ్చుకునేవారి వైపు నుంచి చూస్తుంది. పోయినవారు గానీ వారసులు గానీ, ఇద్దరిలో ఒక్కరు జర్మనీలో నివాసం ఉన్నా చాలు, వచ్చిన ఆస్తి ఏ దేశంలో ఉన్నా పన్ను పరిధిలోకి వస్తుంది. పరిమితి చుట్టరికాన్ని బట్టి మారుతుంది. భార్యకో భర్తకో 5,00,000 యూరోలు, పిల్లలకు తలా 4,00,000. మేనకోడలికి 20,000 మాత్రమే. మీరు చదివింది సరిగ్గానే చదివారు, ఇరవై వేలే. ఆ పైన 75,000 వరకు 15 శాతం, 3,00,000 వరకు 20 శాతం, 6,00,000 వరకు 25 శాతం. స్లాబు దాటితే సాధారణంగా మొత్తానికీ ఆ పై రేటే పడుతుంది.

మీ అక్క వాటా సగం ఫ్లాటు, సగం డిపాజిట్లు, అంటే 2,85,000 పౌండ్లు. యూరోల్లోకి మార్చి 20,000 తీసేశాక 3,00,000 గీతకు పక్కనే ఉంటుంది. అరవై వేల యూరోల ప్రాంతంలో పన్ను పడొచ్చు. గీత దాటితే ఇంకా పెరుగుతుంది. ఖర్చులు, అంత్యక్రియల లెక్క తీసేస్తే కొంత తగ్గుతుంది, అది పన్ను సలహాదారు, ఇక్కడి మాటలో స్టోయర్‌బెరాటర్ చూడాలి.

బ్రిటన్‌లో పన్ను కట్టి ఉంటే దాన్ని ఇక్కడ తగ్గించమని అడగొచ్చు. అక్కడ సున్నా అయితే తగ్గించడానికేమీ ఉండదు. ఒకే వీలునామా, ఒకే ఫ్లాటు, మీకు సున్నా, అక్కకు ఇంత.

వారసత్వం వచ్చిందని తెలిసిన మూడు నెలల్లో ఇక్కడి పన్ను ఆఫీసుకు రాతపూర్వకంగా చెప్పాలి. ఉత్తరం వచ్చి మూడు వారాలే అన్నారు కాబట్టి సమయం ఉంది. ఒక చిన్న ఉత్తరం చాలు, రిటర్ను తర్వాత వాళ్లే అడుగుతారు.

తొలకరి

అక్కకు ఫోన్ చేశాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "అత్త నాకు ఇచ్చింది, నేను కట్టుకుంటాను" అంది. డిపాజిట్ల డబ్బులో నా సగం కూడా అక్కకు ఇచ్చేద్దామా అనుకుంటున్నాను.

మంచుదారి

మీ మనసు గొప్పది. కానీ ఆగండి. మీరు ఇచ్చేది తమ్ముడు అక్కకు ఇచ్చిన బహుమతిగా ఇక్కడ లెక్కకొస్తుంది. తోబుట్టువులకూ పరిమితి 20,000 యూరోలే, పదేళ్లకు కలిపి. అంతకు మించితే మళ్లీ పన్ను. ఎంత, ఎప్పుడు అన్నది కనుక్కుని ఇవ్వండి.

ఆకురాలు

నాది ఎదురు దారి. నేను అమెరికాలో ఉంటాను, గ్రీన్ కార్డు. నాన్న ఇండియాలో పోయారు, ఇల్లు నాకు వచ్చింది. అమెరికాలో దీని మీద నాకు పన్ను లేదు. అది కనుక్కున్నాను, అక్కడితో ఆగిపోయాను. తప్పు అక్కడే జరిగింది.

విదేశీయుడి నుంచి ఏడాదిలో లక్ష డాలర్లకు మించి వారసత్వమో బహుమతో వస్తే ఫారం 3520 వెయ్యాలి. పన్ను కోసం కాదు, సమాచారం కోసం. వెయ్యకపోతే నెలకు 5 శాతం చొప్పున వచ్చినదాని విలువలో 25 శాతం వరకు పెనాల్టీ వెయ్యొచ్చు. నా రిటర్న్లు చేసే ఆయన ఎప్పుడూ అడగలేదు, నేనూ చెప్పలేదు. రెండేళ్లు గడిచాక ఇల్లు అమ్మబోతే బయటపడింది. ఆలస్యానికి కారణం వివరంగా రాసి, ఫారంతో జతచేసి పంపాను. ఇలాంటివాటికి పెనాల్టీ దానంతట అది వెయ్యకుండా ముందు ఆ వివరణ చదువుతామని అమెరికా పన్ను శాఖ ఐఆర్ఎస్ 2024లో ప్రకటించింది. నాకు పెనాల్టీ రాలేదు. కానీ ఆ జవాబు వచ్చేవరకు ఎలా నిద్రపోయానో నాకే తెలుసు.

అమ్మేటప్పుడు ఇంకో సంగతి తెలిసింది. ఇది అందరికీ పనికొస్తుంది. అమెరికా దృష్టిలో వారసత్వంగా వచ్చిన ఇంటి ఖరీదు అంటే నాన్న పోయిన రోజు మార్కెట్ విలువ. ఇండియా దృష్టిలో నాన్న కొన్న ధరే నా ధర. 2001 ఏప్రిల్ 1కి ముందు కొన్నదైతే ఆ రోజు విలువ తీసుకోవచ్చు. కాబట్టి ఒకే అమ్మకానికి ఇండియాలో లాభం బోలెడు, అమెరికాలో దాదాపు ఏమీ లేదు. ఇండియాలో కట్టాను. అమెరికాలో ఆ లాభం లేదు కాబట్టి ఇండియాలో కట్టినదాన్ని తగ్గించుకునే అవసరమూ, అవకాశమూ పెద్దగా రాలేదు.

నాన్న పోయిన రోజు విలువకు రిజిస్టర్డ్ వాల్యూయర్ నివేదిక లేకపోతే ఈ లెక్క నిలబడేది కాదు. నేను రెండేళ్లు ఆలస్యంగా వెనకటి తేదీకి వేయించాను. దయచేసి ఎవరూ అంతవరకు ఆగకండి. మొదటి నెలలోనే వేయించండి.

సాయంసంధ్య

అమ్మిన డబ్బు బయటికి ఎలా తెచ్చుకున్నారండీ? మా తమ్ముడు అక్కడే ఇరుక్కున్నాడు.

ఆకురాలు

ఎన్‌ఆర్‌ఓ ఖాతాలోకి (ఇండియాలో వచ్చే డబ్బు కోసం ఎన్నారైలు తెరిచే ఖాతా) వస్తుంది. అక్కడి నుంచి ఆర్థిక సంవత్సరానికి పది లక్షల డాలర్ల వరకు పంపుకోవచ్చు. నేను పంపినప్పుడు ఫారం 15సీఏ, ఆడిటర్ ఇచ్చే 15సీబీ కావాల్సి వచ్చాయి. వీలునామా నకలు, మరణ ధ్రువపత్రం బ్యాంకు అడుగుతుంది. ఒక బ్యాంకు నాన్న కొన్నప్పటి దస్తావేజు కూడా కావాలని మూడుసార్లు తిప్పింది. ఎన్నారై అమ్మితే కొనేవారు టీడీఎస్ భారీగా పట్టుకుంటారు. అసలు లాభాన్ని బట్టి తక్కువ పట్టేలా ముందే సర్టిఫికెట్ తీసుకొమ్మనండి.

చెర్రీకొమ్మ

జపాన్ గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తాను. ఇక్కడా పుచ్చుకునేవారి వైపు నుంచే చూస్తారు. రేట్లు 10 నుంచి 55 శాతం దాకా. ఉద్యోగ వీసా మీద వచ్చి, గత 15 ఏళ్లలో పదేళ్లకు మించి ఇక్కడ ఉండనివారికి విదేశంలో ఉన్న తల్లిదండ్రుల నుంచి వచ్చిన విదేశీ ఆస్తి లెక్కలోకి రాదు. శాశ్వత నివాసం తీసుకుంటే ఆ రక్షణ పోతుంది. నేను శాశ్వత నివాసం తీసుకున్న మరుసటి ఏడాదే నాన్న పోయారు.

3 కోట్ల యెన్లకు తోడు ఒక్కో చట్టబద్ధ వారసుడికి 60 లక్షల యెన్లు పన్నులేని మొత్తం. అమ్మ, అన్నయ్య, నేను ముగ్గురం కాబట్టి 4 కోట్ల 80 లక్షలు. నాకు వచ్చింది అందులో మూడో వంతు కూడా లేదు, బతికిపోయాను. గడువు పది నెలలు. శాశ్వత నివాసానికి దరఖాస్తు పెట్టేముందు ఈ సంగతి ఇంట్లో ఒకసారి మాట్లాడుకోండి.

వెన్నెలమెట్టు

కెనడాలో వారసత్వ పన్ను అనే పేరే లేదు. కానీ పోయిన రోజున అన్నీ మార్కెట్ ధరకు అమ్మినట్టు లెక్కవేసి, ఆ లాభం మీద చివరి రిటర్నులో పన్ను వేస్తారు. పేరు లేదంటే పన్ను లేదని కాదు. ఆస్ట్రేలియాలో అలా కూడా లేదు, వారసులు అమ్మినప్పుడే లాభం మీద. సింగపూర్‌లో 2008 నుంచి ఎత్తేశారు.

నిక్కచ్చి

పైన నేను రాసింది తప్పని ఒప్పుకుంటున్నాను, తొలకరి గారూ, క్షమించండి. ఇవన్నీ చదివాక నాకే ఒక భయం పట్టుకుంది. మా నాన్నగారు ఇండియాలోనే ఉంటారు, అమెరికా ఎప్పుడూ వెళ్లలేదు. యాప్‌లో అమెరికా కంపెనీల షేర్లు కొన్నారు. ఇప్పుడు లక్షా పదివేల డాలర్లు ఉంటాయి. దీనికీ ఏదైనా ఉందా?

పద్దులపుస్తకం

క్షమాపణ ఎందుకండీ, మీ ప్రశ్న వల్ల పదిమందికి మేలు జరుగుతుంది.

ఉంది. అమెరికా పౌరులకూ అక్కడ స్థిరపడినవారికీ 2026లో కోటిన్నర డాలర్ల వరకు ఎస్టేట్ టాక్స్ లేదు. అక్కడ లేని విదేశీయులకు ఆ పరిమితి 60,000 డాలర్లే. అమెరికాలోని ఇల్లు, అమెరికా కంపెనీల షేర్లు అందులోకి వస్తాయి. షేర్లు ఏ దేశపు యాప్‌లో కొన్నారన్నది లెక్కలోకి రాదు, కంపెనీ ఎక్కడిది అన్నదే చూస్తారు. రేటు 18 నుంచి 40 శాతం దాకా. 706-ఎన్ఏ ఫారం తొమ్మిది నెలల్లో వెయ్యాలి. ఐఆర్ఎస్ ట్రాన్స్‌ఫర్ సర్టిఫికెట్ వచ్చేదాకా బ్రోకరు షేర్లు కదపనివ్వకపోవచ్చు. ఇండియాకూ అమెరికాకూ మధ్య ఎస్టేట్ టాక్స్ ఒప్పందం లేదు.

నాన్నగారు ఆరోగ్యంగా ఉన్నారు కాబట్టి ఇప్పుడే కూర్చుని మాట్లాడండి. అదే అమెరికా షేర్లను ఐర్లాండ్‌లో నమోదైన ఫండ్ ద్వారా కొంటే అది అమెరికా ఆస్తి కాదు. మార్చడానికి అమ్మితే లాభం మీద ఇండియాలో పన్ను ఉంటుంది, ఆ రెంటినీ తూచి చూసుకోండి.

తొలకరి గారూ, మీ ఇండియా సంగతి మిగిలిపోయింది. వారసత్వంగా వచ్చినందుకు ఇక్కడ ఆదాయపు పన్ను లేదు. విదేశంలో ఉన్నవారి నుంచి వచ్చిన ఇంటిని మీరు అక్కడే ఉంచుకోవచ్చు, విదేశీ మారక ద్రవ్య చట్టం (ఫెమా) ఒప్పుకుంటుంది. కానీ రిటర్నులో విదేశీ ఆస్తుల షెడ్యూలులో చూపించాలి. రూపాయి అద్దె రాకపోయినా సరే. చూపకపోతే నల్లధన చట్టం కింద 10 లక్షల రూపాయల పెనాల్టీ. విదేశీ ఆస్తి 20 లక్షల లోపుంటే ఇప్పుడు మినహాయింపు ఉంది, అది ఇళ్లకు వర్తించదు.

అమ్మితే రెండు చోట్లా లెక్క ఉంటుంది. బ్రిటన్ అత్త పోయిన నాటి విలువ నుంచి లాభం చూస్తుంది. అమ్మకం పూర్తయిన 60 రోజుల్లో రిటర్ను వెయ్యాలి, పన్ను లేకపోయినా సరే. ఇండియా అత్త కొన్న ధర నుంచి చూస్తుంది, 12.5 శాతం, పైన సెస్సు. అక్కడ లాభం మీద కట్టినది ఇక్కడ తగ్గుతుంది. వారసత్వ పన్ను కట్టినా అది తగ్గదు, అది వేరే జాతి పన్ను.

పన్ను ఎలాగూ లేదు కదా అని ఇప్పుడు ఫ్లాటు విలువ తక్కువ వేయించకండి. రేపు అమ్మేటప్పుడు అదే మీ మొదటి అంకె. ఎక్కువ వేస్తే అక్కకు భారం. ఉన్నది ఉన్నట్టు వేయించండి. అత్తగారు ఎప్పుడు కొన్నారో తెలుసా?

తొలకరి

పదకొండు రోజుల తర్వాత రాస్తున్నాను.

ఎగ్జిక్యూటర్ ఆవిడ ఫ్లాటుకు వెళ్లి బీరువా అంతా వెతికారు. అడుగున నీలం అట్ట ఫైలు దొరికిందట. పైన తెలుగులో అత్త చేతిరాత: "ఇంటి కాగితాలు, పారెయ్యొద్దు". ఆవిడకు తెలుగు రాదు, ఏమిటో అని ఫోటో తీసి నాకు పంపారు. లోపల మామయ్య వీలునామా ఉంది, ప్రొబేట్ ఉంది, పెళ్లి సర్టిఫికెట్ ఉంది. 1994లో ఫ్లాటు కొన్నప్పటి లాయరు లెక్క కాగితం ఉంది. వంటగది మార్చినప్పటి రసీదులు కూడా పిన్ను కొట్టి పెట్టుకుంది.

ఆవిడ ఒక సొలిసిటర్‌ని కలిశారు. మామయ్య పరిమితి కలిపి క్లెయిం వేస్తున్నారు. పన్ను ఉండదని ఆయన కూడా అన్నారట. అక్క జర్మనీ పన్ను ఆఫీసుకు ఉత్తరం రాసింది, వచ్చే వారం స్టోయర్‌బెరాటర్‌ని కలుస్తోంది.

పద్దులపుస్తకం

1994 అంటే ఇండియా లెక్కకు మీరు 2001 ఏప్రిల్ 1 నాటి విలువ తీసుకోవచ్చు. ఇంగ్లండ్, వేల్స్‌లో 1995 నుంచి అమ్ముడైన ఇళ్ల ధరలు ల్యాండ్ రిజిస్ట్రీ దగ్గర అందరూ చూసుకునేలా ఉన్నాయి. అదే భవనంలో 2000, 2001లో అమ్ముడైన ఫ్లాట్ల ధరలు తీసి వాల్యూయర్‌కి ఇవ్వండి, ఆయన పని సులువవుతుంది. వంటగది రసీదులు కూడా జాగ్రత్త. 2001 ఏప్రిల్ తర్వాతవైతే అవి ఖర్చులో కలుస్తాయి.

తొలకరి

రసీదుల మీద తేదీ 2009 అండీ. అన్నీ స్కాన్ చేసి పంపమన్నాను. ఫైలు మాత్రం ఎవరైనా మనిషి చేతికిచ్చి పంపమని అడిగాను, పోస్టులో వద్దని.